శుభంలో పెట్టిన ఫొటో

ఆ రోజుల్లో కంప్యూటర్‌కి ఒక పని ఒకసారి నేర్పితే చాలు, అది మన మనసు తెలుసుకుని నడుచుకుంటుందని నేను గట్టిగా నమ్మేదాన్ని. అది చెప్పింది చేస్తుందే తప్ప మనం అనుకున్నది చెయ్యదని నాకు తెలిసిరావడానికి, మా తాతయ్య ఒక మధ్యాహ్నంపూట, నిక్షేపంగా బతికుండగానే, మా వాళ్ళందరి ముందూ చనిపోవాల్సి వచ్చింది. (కంగారు పడకండి. ఆ సాయంత్రం ఆయన మాతో కూర్చుని మిరపకాయ బజ్జీలు తిన్నాడు, ఉల్లిపాయలు ఇంకాస్త వెయ్యమని బండివాడితో పేచీ కూడా పెట్టుకున్నాడు.)

అప్పుడు నేను డిగ్రీ పూర్తిచేసి గుంటూరులో ఒక ఫొటో స్టూడియోలో పనిచేస్తున్నాను. పెళ్ళి ఆల్బమ్‌లు తయారుచెయ్యడం నా పని. యజమానిని ఊరంతా స్మైల్ బాబాయి అనేవాళ్ళు. వినుకొండవైపు నుంచి వచ్చిన ముస్లిం కుటుంబం, తండ్రి కాలం నుంచీ ఫొటోలే. ఎంత గోల పెళ్ళిలోనైనా గొంతు పెంచకుండా "కొంచెం నవ్వాలండీ" అనేవాడు, చిత్రంగా అందరూ నవ్వేవాళ్ళు. ఆయన నవ్వగా మాత్రం నేను చూసింది తక్కువ. స్టూడియోకి వచ్చే పని రెండు రకాలు. ఒకటి పెళ్ళి, రెండోది దినం. పోయినవాళ్ళకి పెద్దకర్మ నాటికి దండ వెయ్యడానికి ఒక ఫొటో కావాలి కదా. తీరా చూస్తే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి విడిగా తీయించిన ఫొటో ఉండదు. ఏ మేనకోడలి పెళ్ళిలోనో మూడో వరసలో సగం ముఖం దొరుకుతుంది. పక్కవాడి భుజం చెరిపేసి, చొక్కా మార్చి, వెనక నీలిరంగు మబ్బులు పెట్టి ఇవ్వాలి. ఈ చుట్టుపక్కల చాలామంది మగవాళ్ళు మొదటిసారి కోటు వేసుకున్నది చనిపోయాక, మా స్టూడియోలోనే.

ఈ రెండు రకాల వాళ్ళనీ ఒకరి కంట ఒకరు పడనివ్వకూడదన్నది బాబాయి నియమం. "పెళ్ళివాళ్ళు దినం ఫొటో చూస్తే మనకి బేరం పోతుందమ్మా. దినంవాళ్ళు పెళ్ళి ఫొటో చూస్తే వాళ్ళకి ప్రాణం పోతుంది" అనేవాడు. అందుకని ఒకే కంప్యూటర్‌కి మూడు తెరలు. మధ్యగదిలో నా ముందు ఒకటి. ముందు హాల్లో సోఫాల ఎదురుగా పెళ్ళివాళ్ళకోసం పెద్దది. వెనక చిన్నగదిలో దినంవాళ్ళకోసం ఇంకొకటి. ఒకదాంట్లో బొమ్మ వస్తున్నప్పుడు రెండోది నల్లగా ఉండాలి. మనుషులు మారినప్పుడల్లా నేను బల్ల కిందికి దూరి ఒక తీగ పీకి ఇంకో తీగ పెట్టేదాన్ని. అది చాలదన్నట్టు బాబాయి ముందు తెరమీద తన తువ్వాలు కప్పేవాడు.

బల్ల కింద తల కొట్టుకుని కొట్టుకుని విసుగొచ్చి, వీడియోలు చూసి, తెరలు వాటంతటవే మారే ఒక చిన్న ప్రోగ్రాం సంపాదించాను. ఫొటోలన్నీ రెండు ఫోల్డర్లు చేశాను. ఒకదాని పేరు 'శుభం', రెండోదాని పేరు 'దినం'. శుభంలోని ఫొటో మీద పనిచేస్తుంటే ముందు తెర వెలుగుతుంది, దినంలోని దానిమీద పనిచేస్తుంటే వెనక తెర వెలుగుతుంది. బాబాయికి చూపించి, "ఇక తీగలు పీకక్కర్లేదు బాబాయ్, దానంతటదే మారుతుంది" అన్నాను. ఆయన కాసేపు చూసి, "దానంతటదే మారేదంటే నాకు భయమేనమ్మా. కల్లంలో మిరపకాయ ఎండబెట్టిన రోజున ఆకాశం కూడా దానంతటదే మారుతుంది" అన్నాడు. కాని తువ్వాలు మాత్రం తీసి భుజాన వేసుకున్నాడు. అది నాకు సన్మానం జరిగినట్టే అనిపించింది.

ఆ వేసవిలో మా పెద్దమ్మ కూతురి పెళ్ళయింది. ఫొటోలు తీసింది బాబాయే. ఆల్బమ్‌లోకి ఫొటోలు ఎంచుకోవడానికి పెద్దమ్మ, అమ్మ, మామయ్య, అక్క పొద్దున్నే వచ్చి సోఫాల్లో కూర్చున్నారు. ఎంచుకోవడమంటే మా వాళ్ళల్లో పోట్లాడుకోవడమే. "ఇందులో నా కళ్ళు మూసుకుపోయినై, తీసెయ్" అని పెద్దమ్మ. "నీ కళ్ళు ఏ ఫొటోలో తెరిచావక్కా?" అని మామయ్య. "ఒరేయ్, నువ్వు ప్రతి ఫొటోలోనూ తింటూనే ఉన్నావు, దాని సంగతి చెప్పు" అని అమ్మ. మధ్యాహ్నానికి అలసిపోయి పులిహోర డబ్బా తెరిచారు. నేను ఆ ఫొటోలు మూసేసి, ముందు తెర నల్లబడ్డాక నా గదిలోకొచ్చి తలుపు వేసుకున్నాను. అప్పుడే నాకు ఘాటు తగిలి తుమ్మొచ్చింది. తిరిగి చూస్తే వెనకవైపు గుమ్మంలో తాతయ్య.

తాతయ్యది పెదకాకాని దగ్గర పల్లె. ఆ పొద్దున టిక్కీలు, అదే మిరపకాయ బస్తాలు, బండిలో వేసుకుని మిర్చి యార్డుకి వెళ్ళాడని అందరికీ తెలుసు. నేరుగా అక్కణ్ణించే వచ్చాడు. ఆయన కండువా దులిపితే చాలు, ఏసీ గదిలో మనిషన్నవాడు ఉండలేడు.

"నెమ్మదిగా తుమ్మవే. నేనొచ్చినట్టు వాళ్ళకి తెలియకూడదు. నాకో ఫొటో కావాలి."

"ఏం ఫొటో తాతయ్యా?"

"దండేసే ఫొటో."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. వెనకగదిలో కుర్చీలో కూర్చుని చెప్పాడు. "మీ అమ్మమ్మ పోయినప్పుడు ఇంట్లో ఒక్క ఫొటో లేకపోయె. రేషన్ కార్డులో బొమ్మని పెద్దది చేయించారు. అది చూశావుగా, ఇప్పుడే నన్ను తిట్టబోతున్నట్టు ఉంటది. అది అట్టాంటి మనిషా? ఏడుపొచ్చే చోట కూడా నవ్వేది. చిన్నపిల్లలంతా గోడమీది మనిషే అమ్మమ్మ అనుకుంటున్నారు. నవ్వే మనిషి నాతోనే పోద్ది. నా గతీ అంతే. మీ మామయ్య నా ఆధార్ కార్డు బొమ్మ పెట్టేస్తాడు. అందులో నేను దొంగలా ఉంటానే."

అక్క పెళ్ళిలో బాబాయి తీసిన ఒక ఫొటో ఉందని, అది తనకి కావాలని అడిగాడు. భోజనాల దగ్గర తీసింది. తాతయ్య తల వెనక్కి వేసి నవ్వుతున్నాడు, ముందుపన్ను లేని సందు కనిపిస్తోంది. నేను దాన్ని దినం ఫోల్డర్‌లోకి తెచ్చుకుని, పక్కవాళ్ళని తీసేసి, మా లెక్క ప్రకారం నీలి మబ్బులు పెట్టాను. వెనక తెరమీద ఆయన వెలిగాడు. "పన్ను పెట్టనా తాతయ్యా? చిటికెలో పని" అన్నాను. "వద్దు. పైకి పోయాక మీ అమ్మమ్మ నన్ను గుర్తుపట్టొద్దా?" అన్నాడు. తరవాత ఉత్సాహం వచ్చి, దండ వేసి, దీపం పెట్టి, పైన 'స్వర్గీయ' అని కూడా రాయించుకున్నాడు. కింద తేదీ అడిగితే, "అది ఖాళీగా ఉంచు, నా చేతిలో లేదు" అన్నాడు. అంతా చూసుకుని తృప్తిగా తల ఊపాడు.

"సరే, దినంలో సేవ్ చేసేస్తున్నా తాతయ్యా."

"దేంట్లో?"

"దినం అని ఫోల్డర్ ఉందిలే. పెళ్ళిళ్ళవి శుభంలో, ఇలాంటివన్నీ అందులో."

"బతికున్నవాణ్ణి దినంలో పడేస్తావటే? నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. తీసి శుభంలో పెట్టు."

పెద్దాయన మాట. తీసి శుభంలో పెట్టాను. నా ప్రోగ్రాం తనకి నేర్పిన పని ఎంత శ్రద్ధగా చేసిందంటే, వెనక తెర ఠక్కున నల్లబడింది. "ఇదేందే, మాయమైపోయాను?" అన్నాడు తాతయ్య. ఎక్కడికి మాయమయ్యాడో నాకు అర్థమయ్యేలోపే హాల్లో పులిహోర డబ్బా కిందపడిన చప్పుడు, వెంటనే పెద్దమ్మ కేక.

"అయ్యో నాన్నా! నాన్న పోయాడమ్మోయ్!"

గోడంత తెరమీద దండతో, దీపంతో తాతయ్య వాళ్ళ ఎదురుగా నవ్వుతున్నాడు. ఆ కబురు స్టూడియోకి ముందే ఎలా తెలిసిందని ఒక్కరూ ఆలోచించలేదు. (ఏడుపు మొదలయ్యాక మా ఇంట్లో ఆలోచన ఉండదు.) నేను తలుపువైపు పరిగెత్తబోతే తాతయ్య లేచొచ్చి చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండవే. ఎవరెట్టా ఏడుస్తారో విననీ. ఈ వీలు మళ్ళీ రాదు."

అవతల అమ్మ ఏడుస్తోంది. పెద్దమ్మ శోకాలు పెడుతోంది. "రాత్రి గారెలు రెండు చాలని చేతిలోంచి లాక్కున్నాను నాన్నా! ఇంకో రెండు పెట్టినా బాగుండేది నాన్నా!"

"విన్నావా? ఇప్పుడు ఒప్పుకుంటోంది" అన్నాడు తాతయ్య నెమ్మదిగా. తరవాత మామయ్య గొంతు వినిపించింది. మామయ్య ఏడవడం నేను అంతకుముందు వినలేదు. తాతయ్య కూడా విని ఉండడు. నా చెయ్యి వదిలేసి కళ్ళు తుడుచుకోబోయాడు. కండువాకున్న కారం కళ్ళలో పడి ఇంకా ఎక్కువ నీళ్ళొచ్చాయి. ఇంతలో ఆయన జేబులో ఫోను మోగింది. అవతలినుంచి చేస్తున్నది మామయ్యే. యార్డులో ఎవరైనా ఎత్తి ఏం జరిగిందో చెబుతారని చేశాడట.

"ఒరేయ్, నేనేరా. అరవమాకు, వస్తున్నా" అన్నాడు తాతయ్య. మాట ఫోనులోంచీ తలుపు సందులోంచీ ఒకేసారి వెళ్ళింది.

ఆయన హాల్లోకి వచ్చాక జరిగినదంతా రాస్తే పెద్దమ్మ ఈ వయసులో నాతో మాట్లాడటం మానేస్తుంది. కౌగిలింతలు అయ్యాయి, తుమ్ములు అయ్యాయి, ఆ వెంటనే తిట్లు మొదలయ్యాయి. "బుద్ధుందా నాన్నా నీకు? పెళ్ళైన ఇంట్లో ఏంటీ అపశకునం?" అని పెద్దమ్మ. "ముందు ఆ ఫొటో చెరిపెయ్యవే, మిగలకూడదు అది" అని మామయ్య నామీదికి వచ్చాడు. తాతయ్య పెద్ద తెరమీద తన నవ్వుని ఒకసారి చూసుకుని, "చెరిపెయ్ తల్లీ. ఆధార్‌దే పెట్టుకుంటారులే" అన్నాడు. ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు నేను అమ్మమ్మ ఫొటో గురించి ఆయన అన్నమాటలు వాళ్ళకి చెప్పాను. బాబాయి అంతసేపూ మూల నిలబడి ఉన్నాడు. "దండా దీపం తీసేసి, ఫొటో ఆల్బమ్ చివరిపేజీలో పెడదామండీ. అది పెళ్ళిలో తీసిందేగా. శుభమే" అన్నాడు. పెద్దమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని తెరవైపు చూసింది. "ఆ నవ్వు ఉంచండి. ఆ మబ్బులు కూడా తీసెయ్యండి, భయమేస్తోంది" అంది.

అలా తాతయ్య శుభంలోనే ఉండిపోయాడు. మర్నాడు నేను వెళ్ళేసరికి ముందు తెరమీద బాబాయి తువ్వాలు కప్పి ఉంది. నేను బల్ల కిందికి దూరి తీగలు పాత పద్ధతిలో పెట్టుకున్నాను.

కొన్నేళ్ళకి, కల్లాలనిండా కాయ ఉన్న రోజుల్లో, తాతయ్య నిజంగానే వెళ్ళిపోయాడు. మామయ్య ఆధార్ కార్డు వెతకలేదు. నాకు ఫోన్ చేసి, "శుభంలో ఉందిగా, అది పంపించు" అని మాత్రం అన్నాడు. ఇప్పుడు పుట్టిన పిల్లలందరికీ తాతయ్యంటే ఆ నవ్వే, ఆ పన్ను సందే.

ఇప్పుడు నేను ఇంట్లోనే డిజైన్ పని చేసుకుంటున్నాను. నా కంప్యూటర్‌కి ఎవరూ ఏమీ నేర్పక్కర్లేదు. రెండో తెర తగిలిస్తే దానంతటదే సర్దుకుంటుంది, ఏ ఫొటో ఎక్కడ ఉండేదో గుర్తుపెట్టుకుని అక్కడే తెరుస్తుంది. ఒక్క చిక్కుంది. రెండో తెర తీసేశాక కూడా ఒక్కోసారి పాత అలవాటుకొద్దీ దానిమీదే తెరుస్తుంది. తాతయ్య ఫొటో తెరుస్తాను. తెరుచుకున్నట్టు కింద గుర్తు కనబడుతుంది, ఆయన కనబడడు. మొదటిసారి అలా అయినప్పుడు పోయిందనుకుని కంగారుపడి ఇల్లంతా ఏకం చేశాను. మా వాళ్ళ రక్తం కదా. ఏ మీటలు నొక్కితే ఇటు వస్తుందో ఇప్పుడు తెలుసు. ఒకప్పుడు యంత్రాలకి శుభాశుభాలు నేర్పబోయిన పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. అయినా ఆ మీటలు వెంటనే నొక్కను. పక్కగదిలో కూర్చుని ఎవరెట్టా ఏడుస్తారో వింటున్నాడేమో, కాసేపు విననీ అనుకుంటాను.