వంటగది వచ్చే చోట

తోటపల్లి గూడూరు నుంచి నెల్లూరు వస్తున్న బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి నోరు తెరిస్తే, బస్సు హారన్ సిగ్గుపడి ఊరుకుంది. జుట్టు నెరిసేదాకా ప్లాట్లు అమ్మిన గొంతు అది. నెల్లూరులో ఓ కాలేజీవాళ్లు రియల్ ఎస్టేట్ కోర్సు పెడుతూ, పిల్లలకు ఏం నేర్పాలో చెప్పమని ఆయన్ను పిలిచారట.

"అందరూ మాట్లాడేది నేర్పమంటారన్నా. నేను పిలకాయలకి నోరు మూసుకునేది నేర్పమంటా," అన్నాడు.

బస్సు టాపు లేచిపోయేలా నవ్వాను. ఆయన నవ్వలేదు.

"స్థలం చూసేదానికి ఇంటామె వస్తాది గదా. వంటగది ఇక్కడ వస్తాదమ్మా అని చూపించి, మనం దూరంగా పోయి నిలబడాల. ఆ ఖాళీ నేలలోనే ఆమె పొయ్యి పెట్టుకుంటాది, కిటికీ పెట్టుకుంటాది. అప్పుడు మనం మాట్లాడినామా, ఆమె కట్టుకునే ఇల్లు కూలిపోతాది."

అంత గొంతూ గుసగుస అయిపోయింది. దిగబోతూ ఆగాడు.

"మీలాగే ఆ కాలేజీవాళ్లూ నవ్వితే ఏం చేసేదన్నా?"

"నవ్వనీండి. చెప్పకుండా మాత్రం రావద్దు."

చెప్పాడో లేదో నాకు తెలియదు. మా ఆవిడ కిటికీ దగ్గర ఊరికే నిలబడి ఎటో చూస్తున్నప్పుడు మాత్రం, జిల్లాకంతా సరిపడా వాగే నేను చప్పుడు చేయకుండా పక్క గదిలోకి వెళ్లిపోతాను. నాకు ఒంట్లో బాగాలేదని ఆవిడ అనుమానం.