నీడ వెయ్యని బొమ్మ

మా డ్రాయింగు మేస్టారు పోయారు. నరసరావుపేటలో నాది ఫ్లెక్సీల షాపు. రాజుపాలెం నుంచి ఆయన తమ్ముడి కొడుకు ఫోన్ చేసి కబురు చెప్పి, బ్యానరుకు పెదనాన్న ఫొటో ఉందా అని అడిగాడు. లేదన్నాను. ఆధార్ కార్డులో ఉన్నది తనో కాదో ఆయనకే అనుమానం. ఊళ్లో చాలా ఇళ్లలో ఆయన గీసిన బొమ్మలుంటాయి గానీ, ఆయన బొమ్మంటూ ఉన్నది నా దగ్గరే. అదీ సగమే గీసింది. దాన్ని బ్యానరుకు ఇవ్వబుద్ధి కాలేదు. పువ్వులు, పేరు వేసి పంపాను.

రిటైరయ్యాక ఆయనకు తోడు ఒక పాత పుస్తకం. పర్షియాలో సఫవీ రాజుల చివరి కాలంలో, వాళ్ల రాజధాని ఇస్ఫహాన్ చిత్రకారులు గీసిన మనుషులు అందులో ఉంటారు. చిన్న కాగితం మీద ఒక్క మనిషి. వెనక గోడ ఉండదు, పక్కన ఇంకొకరు ఉండరు. ఆదివారం షాపు మూసి ఆయన గదికి వెళితే, ఉడత వెంట్రుకల బ్రష్షుతో నాచేత ఆ బొమ్మల్లోలాంటి గడ్డాలు గీయించేవారు. ఒక్కో వెంట్రుకకూ ఊపిరి బిగబట్టాలి. ఈలోపు టీ చల్లారిపోయేది.

ఆ గదిలోనే ఆయన బొమ్మ మొదలుపెట్టాను. కళ్లజోడు, వంగిన వీపు, మోకాలి మీద కాగితం వచ్చాయి. కుర్చీ కింద నీడ వెయ్యబోతే నా చెయ్యి పట్టుకున్నారు. ఆ చివరి కాలంలో యూరపు బొమ్మలు చూసి నీడలు నేర్చినవాళ్లున్నారు, పాత పద్ధతి వదలనివాళ్లూ ఉన్నారు. మేస్టారు రెండో జట్టు.

“నీడ పడితే పొద్దెంతయిందో తెలిసిపోద్దిరా. నీడ లేనోడు అట్టా కూర్చోనే ఉంటాడు,” అన్నారు.

కళ్లు మాత్రం గీయనివ్వలేదు. ఇస్ఫహాన్‌లో ఒక శిష్యుడు గురువు బొమ్మ మొదలుపెట్టి, ఆయన పోయిన ఎన్నో ఏళ్లకు గానీ పూర్తి చెయ్యలేదట. “నీకు తొందరేంది?” అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మొన్న ఆదివారం షాపు మూశాను. వెళ్లడానికి చోటు లేదు. ఊరంతా తెలిసినవాళ్లే, అయినా చాలా ఒంటరిగా అనిపించింది. ఆ శిష్యుడిలా ఏళ్ల తరబడి ఆగే ఓపిక నాకు లేదు. బొమ్మ బయటికి తీసి కళ్లు గీశాను. కుదిరాయో లేదో చెప్పేవాళ్లు లేరు. ఆయన నా వైపు చూడటం లేదు, మోకాలి మీది కాగితాన్నే చూస్తున్నారు. కుర్చీ కింద తెల్లగా వదిలేశాను.

సాయంత్రం ఎండ నా వెనక కిటికీలోంచి వచ్చింది. నా తల నీడ ఆయన ఒళ్లో పడింది. పక్కకు జరగాలనిపించలేదు.