జువ్వల్లో పోయిన మూడో భాగం

మా ఊళ్లో గ్రంథాలయం ఎప్పుడూ లేదని ఈమధ్య ఒక పెళ్లిలో ఎవరో అన్నారు. ఉండేది. అరవైల చివర, పొందూరు దగ్గరి మా ఊళ్లో, రామకోవెల పక్కన ఒక పెంకుల గది, అందులో రెండు బీరువాలు. అక్కడి పుస్తకాలు చదివినవాళ్లలో మిగిలింది నేనే కనుక ఇది రాసిపెడుతున్నాను.

ఐదో తరగతితో నా చేత బడి మాన్పించారు. అయినా ఆ బీరువాల్లో నేను తెరవని పుస్తకం దాదాపు లేదు. మందుగుండులో ఎర్ర వెలుగుకు ఒక లోహం, పచ్చ వెలుగుకు ఇంకొకటి కారణమని అక్కడే తెలుసుకున్నాను.

మా అత్తకు, అంటే మా ఆయన తల్లికి, అక్షరం రాదు. మధ్యాహ్నాలు ఖద్దరు నూలు కోసం, సన్నటి పళ్లున్న చేప దవడను దువ్వెనలా పట్టి పత్తి దువ్వుతూ కూచునేది. నేను పక్కన కూచుని పైకి చదివేదాన్ని. ఆ ఏడు చదువుతున్నది మూడు భాగాల నవల. రెండో భాగం చివర ఒక పిల్ల కన్నవాళ్లను వెతుక్కుంటూ వరదలో పడవ ఎక్కుతుంది. మూడో భాగం తెచ్చుకునేలోపే గ్రంథాలయం చూసుకునే తాతగారు పోయారు. తాళంచెవి ఊరిపెద్దల చేతికి వెళ్లింది.

అమ్మవారి సంబరానికి జువ్వలు చేసే ఆయనకు గొట్టాలు చుట్టడానికి కాగితం కావలసి వచ్చింది. పుస్తకాలు ఇచ్చేద్దామన్న పెద్దల్లో మా మామ ఒకరు. పుస్తకాలు బండికెత్తుతుంటే తలుపు చాటునుంచి అడిగాను.

"మావా, ఒక్క పుస్తకం ఉంచమని సెప్పండి."

"సెదలు పట్టీసినాయి. సదివీది నువ్వొక్కతివే. సంబరం ఊరందరిదీని."

"ఒక్కతేటి? నానూ వింటన్నాను గదా!" అని అత్త లోపలినుంచి అరిచింది.

"సెవుల్తో సదివీవోల్లకి కూడా బీరువా గావాలేటే!" మామ నవ్వారు. బండి కదిలింది.

సంబరం నాడు చీకటి పడగానే మొదటి జువ్వ పైకి లేచి ఎర్రగా విచ్చుకుంది. ఊరంతా హో అంది. నేనూ అన్నాను. అంత అందంగా ఉంది. ఆ కాసేపు పుస్తకాలు గుర్తే రాలేదు. అత్త దండానికి చేతులెత్తేలోపే ఆరిపోయింది.

"అప్పుడే అయిపోనాదేటే?"

ఇంకొకటి లేచింది, మరొకటి లేచింది. చివరికి పొగే మిగిలింది.

పొద్దున్న వాకిలి ఊడుస్తూ, కాలిన కాగితం ముక్కలు ఏరి చెంగులో తెచ్చింది అత్త.

"సదువు. ఆ పిల్ల ఏటైపోనాదో ఉన్నాదేమో."

ఒకదాంట్లో ఎరువుల సంగతి. ఇంకోదాంట్లో సగం పద్యం. మిగతావి వేలు తగలగానే పొడైపోయాయి.

కొన్నాళ్లకు నేనే కల్పించి, పడవ ఒడ్డు చేరిందని చెప్పాను. అత్త పత్తి దువ్వడం ఆపలేదు.

"అది నీ మాటే అమ్మీ. పుస్తకం మాట అలగుండదు."

శ్రీకాకుళంలో అడిగాను, విజయనగరంలో అడిగాను. ఆ నవల దొరకలేదు. అత్త పోయింది. ఆ గది చోట ఇప్పుడు సంబరం సామాను పెట్టే రేకుల షెడ్డు ఉంది. ఏటా అక్కడినుంచే జువ్వలు లేస్తాయి. జనం హో అని ఇళ్లకు పోతారు.

కిటికీలోంచి పుస్తకాలు అందించిన తాతగారికీ, ఇది రాయడానికి కాగితాలు తెచ్చిచ్చిన తోటికోడలికీ, తడబడిన చోట సరిదిద్దిన ఆమె కూతురికీ కృతజ్ఞురాలిని. పేర్లు వద్దన్నారు, రాయలేదు. అత్తకు చెప్పడానికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు. ఆ పిల్ల ఏమైపోయిందో నాకూ తెలియదు.