ఎవరి భాషో తెలియని స్వాగతం

మాది భోపాల్‌పట్నం, తెలుగు, గోండీ, హల్బీ, దొర్లి భాషలు నాలుగూ వినిపించే సరిహద్దు ఊరు. చింతపండు, ఇప్పపువ్వు లడ్డూలు అమ్ముకోవడానికి మా మహిళా సంఘం వెబ్ పోర్టల్ పెట్టుకుంది. డిగ్రీ చదివానని పేజీలు చేసే పని నా నెత్తిన పడింది. కష్టమేం కాదు, ఫొటోలనూ, అక్షరాలు రాసే డబ్బాలనూ మౌస్‌తో లాక్కొచ్చి కావాల్సిన చోట వదిలేయడమే. పళ్లెంలో పిండివంటలు సర్దినంత ముచ్చటగా సర్దాను.

ప్రారంభోత్సవానికి హాలు నిండా జనం. రాయపూర్ నుంచి వచ్చిన పెద్దాఫీసరు సాబ్ బటన్ నొక్కగానే తెరమీద పేజీ తెరుచుకుంది. స్వాగత వాక్యం ఉండాల్సిన పెద్ద డబ్బాలో, జాగా చూపించడానికి పేజీలు చేసే సాఫ్ట్‌వేర్ ముందే పెట్టి ఉంచే అర్థంపర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు అలాగే ఉన్నాయి!

సాబ్ కళ్లద్దాలు సర్దుకుని, కూడబలుక్కుని చదివి, "వాహ్! గోండీలో స్వాగతం!" అన్నారు. చప్పట్లు మోగాయి. గోండు సర్పంచమ్మ నా వైపు వంగి, "మీ తెలుగు బాగుంది బేటీ" అంది. వెనక మా నాన్న, "గది హల్బీ. నా బిడ్డకు అన్నీ వస్తయ్" అని గర్వంగా చెబుతున్నాడు. నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నాను.

అందరూ వెళ్లాక, మా సంఘంలోని దొర్ల తెగ ముత్తక్క తెర దగ్గరికొచ్చింది.

"అందరి మాటలు పెట్టినవంట గదా. మా దొర్లి ఏ మూలకుందో చూపియ్యి బిడ్డా."

నా నవ్వు ఆగిపోయింది. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, డబ్బా మొత్తం తుడిచేసి, ఆమె దొర్లిలో చెప్పిన పలకరింపునే తెలుగు అక్షరాల్లో టైపు చేశాను.

ఇప్పుడు మా పేజీ తెరిస్తే ముందు పలకరించేది ముత్తక్కే. సాబ్ మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా, "ఆ చక్కటి గోండీ ఎందుకు తీసేశారు?" అని బాధపడుతుంటారు.