గీతల బొమ్మలో తల్లి

మొన్న కంచరపాలెంలో పాత పుస్తకాల కొట్లో ఒక లావుపాటి బొమ్మల పుస్తకం తెరిస్తే, చెమ్మ పట్టిన కాగితం వాసనతో పాటు మా బడి వరండా కళ్ళముందుకొచ్చింది. శిలువ మీంచి దించిన కొడుకుని ఒళ్ళో వేసుకున్న మరియమ్మ, చుట్టూ జుట్టు విరబోసుకుని ఏడుస్తున్న ఆడవాళ్ళు. ఎప్పుడో ఐదొందల ఏళ్ళ కిందట రాగిరేకు మీద సన్నటి గీతలు చెక్కి అచ్చు తీసిన బొమ్మ. తొంభైల్లో, నేను చదువుకున్న సిస్టర్ల బడిలో దాని నకలు వరండా గోడకి అద్దం కట్టి ఉండేది.

మాది సముద్రం ఒడ్డు పేట. ఎండల్లో ఇసుక మీద నెత్తళ్ళ చేపలు ఆరబోసి, కాకుల్ని తోలుతూ, తొక్కుడుబిళ్ళ ఆడుతూ, రేవులో ఇనుపరాయి గుట్టల నుంచి ఎగిరొచ్చే ఎర్రదుమ్ముతో గౌన్లూ పాదాలూ ఒకే రంగుకి తిరిగేదాకా ఇల్లు చేరేవాళ్ళం కాదు. ఒక యేడు తెప్ప మీద వేటకెళ్ళిన మా చిన్నాన్న తిరిగి రాలేదు. తెప్ప దొరికింది, మనిషి దొరకలేదు. అలా పోయినవాళ్ళకి మా వాళ్ళు గడ్డితో మనిషి బొమ్మ కట్టి, వాళ్ళ చొక్కా తొడిగి, దినాలు జరిపిస్తారు. నానమ్మ ససేమిరా అంది. కంట నీటిచుక్క లేదు. పైగా రోజూ చిన్నాన్న వాటా పులుసు తీసిపెట్టేది.

“దినం సెయ్యకపోతే ఆడు నీల్లలోనే తిరుగుతాడే,” అని తాతయ్య బతిమాలీ బతిమాలీ అలిసిపోయాడు.

బడికి నాకు కేరేజీ తెచ్చినప్పుడల్లా నానమ్మ ఆ మరియమ్మ బొమ్మ ముందు చతికిలబడేది. ఆమె లెక్కలో అది మా ఒడ్డు సంగతే: మునిగిపోయిన కొడుకు ఒడ్డుకి కొట్టుకొచ్చాడు.

“అదురుట్టమంతురాలే ఈయమ్మ. బిడ్డ ఒల్లోకొచ్చీసినాడు, ఇంకేటి ఏడుపు?” అంది ఒకరోజు.

నేను ఊరుకోవచ్చు కదా! పెద్ద ఆరిందాలా సిస్టర్ చెప్పిన కథంతా వొప్పజెప్పేశాను. “ఆడు నీల్లలో ములగనేదు నానమ్మా. మూడోనాడు మల్లీ బతికొచ్చీసినాడంట!” అన్నాక గానీ తట్టలేదు, ఈవిడ ఇక జన్మలో చిన్నాన్న మీద ఆశ వదలదని.

నానమ్మ అద్దం మీద వేలు పెట్టి మరియమ్మ మొహం గీతల్ని తడిమింది.

“ఆ సంగతి అప్పటికి ఆయమ్మకి తెల్దు గదే,” అంది మెల్లగా. “వచ్చినోడు వస్తాడు. పోయినోడికి తల్లి ఏడవాల. నా కొడుక్కి నాను ఆపాటి కూడా సెయ్యనేదు.”

మర్నాడు మధ్యాహ్నం నీలం గళ్ళ చొక్కా తొడిగిన గడ్డిబొమ్మని ఒళ్ళో పడుకోబెట్టుకుని శోకం అందుకుంది. వాడి మొదటి పన్నూ, మొదటిసారి పట్టుకొచ్చిన వంజరమూ, కొత్త లుంగీ కోసం అలిగిన అలకలూ ఒక్కొక్కటే రాగం తీసి చెబుతుంటే, పేటంతా పనులాపి విన్నది. నేను ఇసుకలో కూచుని, ఆ రాగం ఎక్కడ ఆగి ఎక్కడ కెరటం మొదలవుతోందో తెలియక, అలాగే నిద్రపోయాను.

ఇప్పుడు పేటలో తెప్పల్లేవు, అన్నీ ఫైబర్ బోట్లే. శోకం తెలిసిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నానమ్మ పోయిన రోజు అద్దాల ఐసుపెట్టె తెచ్చారు. అందరం చుట్టూ కుర్చీలేసుకుని, చేతిరుమాళ్ళతో ముక్కులు తుడుచుకున్నాం. ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కదా అని నేనే లేచి “నానమ్మా” అని రాగం తీశాను. తర్వాతి మాట నాకు రాలేదు.