సున్నపు గీత దగ్గర కొబ్బరికాయ

మీ కళ్ళకు గంతలు కడితే, మీరు నమ్మిన చోటును మీ చెయ్యి తిరిగి కనిపెట్టగలదా? మా నాన్నను నేను ఒకప్పుడు అడిగిన ప్రశ్న ఇది. అప్పటికి బళ్ళారి కాలేజీలో చదువుతూ, చర్చా పోటీల్లో వాదించడం నేర్చుకుంటున్నాను.

తుంగభద్ర కాలువ వచ్చాక కోస్తా నుంచి తరలివచ్చి, కెంచనగుడ్డ దగ్గర వరి పండించుకుంటున్న కుటుంబం మాది. ఆ ఏడు సండూరు వైపు నుంచి ఒక ఏజెంటు మా ఊరికి రాసాగాడు. ఊరి అవతల గుట్ట మీద పాతకాలపు గొయ్యి ఒకటి ఉండేది. ఎవరు తవ్వారో ఎవరికీ తెలియదు. దాని పక్కన బంగారం వెతికేందుకు కొత్తగా పెట్టిన కంపెనీలో వాటాలు కొనమని తిరిగేవాడు. బంగారం ఇంకా దొరకలేదు. డబ్బు కావలసింది వెతకడానికే. కాలువ కింది పొలం అమ్మి ఆ వాటాలు కొనాలని నాన్న నిశ్చయించుకున్నాడు. మాకున్నది ఆ ఒక్క పొలమే.

నాన్నను ఒప్పించింది కొబ్బరికాయ. మావాళ్ళు బావి తవ్వే ముందు కాయను అరచేతిలో పడుకోబెట్టుకొని నేలంతా నడుస్తారు. నీరున్న చోట అది దానంతటదే నిలువుగా లేస్తుందని నమ్మకం. మా పెరటి బావికి నాన్న అలాగే చోటు చూశాడు. తియ్యటి నీళ్ళు పడ్డాయి. గుట్ట మీద ఏజెంటు గీసిన సున్నపు గీత దగ్గర కూడా కాయ లేచి నిలబడిందట.

నాన్న, ఏజెంటు వెంట నేనూ వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. గొయ్యిలోంచి చల్లటి గాలి, ఎవరో ఊపిరి వదులుతున్నట్టు ఆగి ఆగి వస్తోంది. గుట్టంతా మేసిన మేకలు దాని అంచున గడ్డిని ముట్టలేదు. నాన్న కాయను నా చేతిలో పెట్టాడు. గీత చేరగానే అది నా అరచేతిలో కదిలి, మెల్లగా లేచింది. నేను వేలైనా కదిపినట్టు ఎరుగను.

"చూస్తివా తల్లీ?" ఏజెంటు నవ్వాడు. "కాలేజీలో వాదం చేసేది నేర్పిస్తారు, ఇది నేర్పిస్తారా?" నాన్న వైపు తిరిగాడు. "మా సండూరు మ్యాంగనీసు కొండ గూడా ముందు సుమ్నే, ఉత్త రాయే గదప్పా! నువ్వు యోచన చేస్తా కూచుంటే ఇంకొకరు ఎత్తుకపోతారు."

అయినా అడిగాను. "నాన్నా, మన పెరట్లో ఇది నీళ్ళకు లేచింది. ఇక్కడ బంగారానికి లేచిందని ఎలా తెలుసు?"

"ఏది ఉంటే దానికి లేస్తుందే. నీ చేతిలోనే లేచిందిగా, ఇంకా అనుమానమేంటి?"

"అయితే కళ్ళకు తువ్వాలు కట్టుకొని నడువు. భూమి లోపలిది చూసే కాయకు నీ కళ్ళతో పనేముంది?"

"ఏందమ్మా ఈ ఆట?" అన్నాడు ఏజెంటు. నాన్నకు పౌరుషం వచ్చింది. తువ్వాలు నేనే కట్టి, అటూ ఇటూ తిప్పి వదిలాను.

నాన్న గీత దాటాడు. కాయ కదల్లేదు. వెనక్కి వచ్చి మళ్ళీ దాటాడు. కదల్లేదు.

"గీత దగ్గరికి వచ్చానా?" అని అడిగాడు.

అప్పటికి చాలా దూరం వెళ్ళిపోయి, ఉత్త బండ మీద నిలుచున్నాడు. "వచ్చావు," అన్నాను.

కాయ ఆ మాట విన్నట్టు, మెల్లగా లేచి నిలబడింది.

తువ్వాలు తీసి నాన్న ముందు గీతను చూశాడు, తర్వాత తన అరచేతిని. "ఈ చెయ్యి నాదేనా, అమ్మాయ్?" అన్నాడు, చాలా చిన్నగా.

"గాలికి లేసింటాది లేప్పా!" ఏజెంటు అంటూనే ఉన్నాడు. ఆ బండ దగ్గర ఆకు కూడా కదలడం లేదు. "మడికి నీళ్ళు పెట్టాలి," అని నాన్న గుట్ట దిగాడు. పొలం మాకే మిగిలింది. ఆ కాయను మాత్రం నాన్న అమ్మను పచ్చడికి కొట్టనివ్వలేదు. వంటింటి మూలనే ఎండిపోయింది.

గుట్ట కింద బంగారం లేదని నేను అనను. నాకు తెలియదు. ఏజెంటుకూ తెలియదు. ఇంకా దొరకని బంగారానికి వాటాలు కొనమని ఎవరైనా మీ గడప తొక్కితే, పొలం బేరం పెట్టకముందే ఆ చోటుకు వెళ్ళండి. చూపినవాడి కళ్ళకు తువ్వాలు కట్టి మళ్ళీ చూపమనండి. ఆ తర్వాత అదే తువ్వాలు మీ కళ్ళకూ కట్టుకోండి.