చెవి దగ్గర గుడ్డు

మొన్న తిరుపతిలో గుడ్ల అంగడి ముందు నిలబడి ఉంటే, పక్కన ఒక పెద్దాయన ఒక్కో గుడ్డునూ చెవి దగ్గర పెట్టుకుని ఊపి, చప్పుడు లేదని తేల్చుకున్నాకే సంచిలో వేసుకుంటున్నాడు. తినే గుడ్డుకు ఆ పరీక్ష సరైనదే. ఒకప్పుడు నేను దాన్ని పొదిగే గుడ్లకు పెట్టాను. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

యుద్ధం జరుగుతున్న రోజులు. పూతలపట్టు దగ్గర ఒక పల్లెకు నేను ఇల్లరికం వెళ్ళి ఏడాది కాలేదు. ఆ ఏడు వానల్లేక బావి ఎండింది. సేద్యం లేని ఇల్లరికపు అల్లుడు నడవలో వేసిన మంచం లాంటివాడు. ఎటు జరిపినా ఎవరి కాలికో తగులుతాడు. మా అత్త మాత్రం నన్ను ఒక్క మాట అనేది కాదు. ఆమె దిగులంతా కోళ్ళ గురించే. కొక్కెర తెగులు వచ్చి వారంలో మందంతా పోయి, ఒక్క నల్లపెట్ట మిగిలింది. అవి ఆమె పెళ్ళైనప్పుడు వాళ్ళమ్మ ఇచ్చి పంపిన కోళ్ళ సంతతి. ఈ పెట్ట పిల్లలు చేస్తేనే ఆ జాతి నిలుస్తుంది. పక్క ఊరినుంచి ఒక పుంజును అడిగి తెచ్చుకుంది.

పెట్టకు మాత్రం తొందరేమీ లేదు. ఎండుగడ్డిలో ఒక గుడ్డు పెట్టేది. రెండు రోజులు మానేసి, ఉతికి మడిచిన నా పంచె మీద ఇంకొకటి. పదకొండు పోగయ్యేసరికి నా ఓపిక అయిపోయింది. చివరికి అది ఈకలు ఉబ్బించుకుని, గొంతులో గుర్రుమంటూ ఉత్త గంపలో కూర్చుంది. పొదగడానికి వచ్చిందని అత్త సంబరపడి, గంపలో ఇసుక పోసి, గడ్డి పరిచి, ఉరుములకు గుడ్లు చెడకుండా ఒక ఇనుప ముక్కా బొగ్గూ పెట్టి, గుడ్లు అమర్చింది. "ఇరవయ్యొక్క దినాలు ఆపక్కకు యెవురూ పోబాకండి" అన్నది. ఎవరూ అంటే నేనే. ఇంట్లో పని లేనివాణ్ణి నేనొక్కణ్ణే.

మూడో రోజుకే ఉండబట్టలేకపోయాను. లోపల పిల్ల కట్టిందో లేదో దీపానికి అడ్డం పెట్టి చూద్దామంటే కిరసనాయిలు దొరకని కాలం. ఆడవాళ్ళిద్దరూ నీళ్ళకు పోయినప్పుడు పెట్టను పక్కకు నెట్టి, ఒక్కో గుడ్డూ చెవి దగ్గర ఊపేవాణ్ణి. ఏమీ వినపడేది కాదు. విసుగొచ్చి ఇంకొంచెం గట్టిగా ఊపేవాణ్ణి. రోజూ ఇదే పని. పెట్ట నా మణికట్టును పొడిచి పొడిచి పుండు చేసింది.

"సేతికేమైంది నాయనా?" అని అడిగింది అత్త.

"కంప గీసుకునింది అత్తా."

నా భార్య చెనక్కాయలు ఒలుస్తూ, తల ఎత్తకుండా, "మన కంపకు ముక్కు గూడా ఉండాదేమో" అన్నది. అత్తకు చెవి కొంచెం మందం. నేను బతికిపోయాను.

గడువు దాటింది. ఒక్క పెంకూ చిట్లలేదు. పెట్ట మాత్రం లేవలేదు. ఇంకో వారం, మేత సరిగా తినక, ఎండిపోయి, ఆ చచ్చిన గుడ్ల మీదే కూర్చుంది. పగలగొట్టి చూస్తే కొన్నిటిలో నెత్తుటి గీతలు, రెండింటిలో కళ్ళు వచ్చిన పిల్లలు. అవి చూశాక నాకు అనుమానం వచ్చింది, బుద్ధి రాలేదు. రెండు నెలలకు అత్త మళ్ళీ తొమ్మిది గుడ్లు పొదగేసింది. ఈసారి ఐదు రోజులు ఆగగలిగాను. మొదటిసారి పోయింది నావల్ల కాదని తేల్చుకోవాలనిపించి, ఆరో రోజు మళ్ళీ ఊపాను.

అవీ పోయాయి. అత్త గంప ముందు చాలాసేపు కూర్చుంది. "దీని రొమ్ములో ఎచ్చన లేదు. మాయమ్మ ఇచ్చిన కోళ్ళు ఇంతటితో సరి. కోసేయండి" అన్నది. నా భార్య నావైపు చూసింది. చెప్పవలసిన సమయం అదే. చెప్పవలసింది ఒక్క మాటే. నేను కత్తి వెతకడానికి లేచాను.

అల్లుణ్ణి గనక కాలు తునక నా సంగటి పక్కన వేసింది అత్త. "తిను నాయనా, నీకు గూడా దీంతో యిసుగొచ్చిండాది" అన్నది. తిన్నాను. నా భార్య ఆ పూట మజ్జిగతో సరిపెట్టుకుంది. తర్వాత సంతలో కొన్న కోళ్ళు చాలా తిరిగాయి ఆ ఇంట్లో. గుడ్లు పెట్టాయి, పిల్లలు చేశాయి. వాటిలో ఒక్కదాన్నీ అత్త ఒళ్ళో పెట్టుకోగా చూడలేదు.

ఆమె లేదు, నా భార్యా లేదు. ఇరవై ఒక్క రోజులు ఆగలేకపోయినవాణ్ణి, ఆ ఒక్క మాట చెప్పడానికి మాత్రం వినేవాళ్ళిద్దరూ పోయేదాకా ఆగగలిగాను.